55 అంగుళాల టీవీ: 32 వేలదా, 58 వేలదా? మా హాలుకు ఏది?

కాకినాడ_కాజా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. హాల్లో ఉన్న 32 అంగుళాల టీవీ దసరా వెళ్లాక మూలపడింది. మాటలు వినిపిస్తాయి, బొమ్మ రాదు. చీకట్లో టార్చి దగ్గరగా పెడితే మనుషులు మసగ్గా కదులుతున్నట్టు తెలుస్తుంది. మెకానిక్ వచ్చి చూసి, లోపల లైట్ల పట్టీలు పోయాయి, మార్చొచ్చుగానీ ఇంత పాత టీవీకి ఎందుకమ్మా అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఇంటిల్లిపాదీ కాచుకుని కూర్చున్నారని అప్పుడు తెలిసింది. అదే సాయంత్రం మావారు టేపు తీసి గోడ కొలిచేశారు.

55 అంగుళాలు అని తేలింది. అంటే వెడల్పు దాదాపు 122 సెంటీమీటర్లు. స్విచ్ బోర్డుకీ వంటింటి గుమ్మానికీ మధ్య అంతకన్నా పెద్దది పట్టదు. అక్కడి వరకు గొడవ లేదు.

షోరూమ్‌కి వెళ్తే రెండు టీవీల దగ్గర ఆగాం. కంపెనీల పేర్లు రాయడం లేదు, రాస్తే అసలు ప్రశ్న పక్కకు పోయి అభిమానుల కొట్లాట మొదలవుతుంది. ఒకటి 31,990. 4కే, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మారుతుందట), గూగుల్ టీవీ, 2 జీబీ ర్యామ్, మామూలు ఎల్‌ఈడీ. రెండోది 57,990. క్యూఎల్‌ఈడీ అట, లోకల్ డిమ్మింగ్ అట, 144 హెర్ట్జ్, డాల్బీ విజన్, 3 జీబీ ర్యామ్. సేల్స్ కుర్రాడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చిలకలు, రంగునీళ్లు, కోసిన దానిమ్మకాయలు చూపించాడు. దానిమ్మ గింజలు ఖరీదైన దాంట్లోనే బాగున్నాయి, కాదనను. కానీ మా ఇంట్లో దానిమ్మకాయలు ఎవరూ టీవీలో చూడరు.

"కేవలం 26 వేలు తేడా మేడమ్, ఈఎంఐలో పెడితే తెలియను కూడా తెలియదు" అన్నాడు. రోజంతా బ్యాంకు కౌంటర్లో కూర్చుని జనం ఈఎంఐ కష్టాలు వినేదాన్ని. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది.

ఇంటి సంగతి చెప్తాను. హాలు 12 బై 16. టీవీ గోడకు ఎదురుగా 10 అడుగుల దూరంలో సోఫా. సోఫా వెనక పడమటి కిటికీ, మధ్యాహ్నం మూడు దాటితే ఎండ నేరుగా టీవీ గోడ మీదే. ఎడమ గోడకు మా అత్తగారి దివాన్ కాట్. ఆవిడ అక్కడే పడుకుని, పక్కకు తిరిగి టీవీ చూస్తారు. పన్నెండింటి నుంచి సీరియళ్లు, మధ్యలో వార్తలు, మళ్లీ సీరియళ్లు. చెవి కొంచెం దూరం కాబట్టి సౌండు వీధిలోకి వినిపిస్తుంది. మావారికి రాత్రి క్రికెట్. మా అబ్బాయి ఇంటర్, వాడికి మా తమ్ముడు తెచ్చిచ్చిన పీఎస్ 5 గేముల పెట్టె ఉంది. నేను ఎప్పుడైనా ఆదివారం రాత్రి ఓటీటీలో ఒక సినిమా. కేబుల్ కనెక్షన్ పాత బాక్సే, ఎస్‌డీ ప్యాకేజీ, అంటే హెచ్‌డీ కాదు. నెట్ 100 ఎంబీపీఎస్.

వాడకంలో తేడా నిజంగా తెలుస్తుందా, లేక పక్కపక్కన పెట్టినప్పుడే తెలుస్తుందా? వాడుతున్నవాళ్లు చెప్పండి. సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్లు వస్తారు, ఈలోపు తేల్చాలి.

సిద్దిపేట_సిన్నోడు

అక్కా, కళ్లు మూసుకుని 32 వేలది తీసుకో. నాలుగైదేళ్లకు టెక్నాలజీ మారిపోతది, అప్పుడు మిగిలిన 26 వేలకు ఇంకొంచెం కలిపి ఇంకో కొత్తది కొంటవ్. మా ఇంట్ల అట్లనే చేసినం, ఏం బాధ లేదు. గూగుల్ టీవీ రెండు మూడేళ్లకు నెమ్మదిస్తది, అది నిజం. అప్పుడు నాలుగైదు వేలు పెట్టి ఒక స్ట్రీమింగ్ స్టిక్ వెనక గుచ్చితే మళ్ల కొత్తదాని లెక్క నడుస్తది. ర్యామ్ 2 జీబీనా 3 జీబీనా అని 26 వేలు పెట్టుడు దండగ.

ఇంకోటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అంటే అంతకు ముందు 100 రూపాయలు ఉన్నది 92 చిల్లరకు రావాలె. కొన్ని షాపులల్ల ఆ తగ్గినదాన్నే "మా స్పెషల్ డిస్కౌంట్" అని చూపిస్తరు. పన్ను తగ్గింది పోను నువ్వేమిస్తున్నవ్ అని అడుగు.

మియాపూర్_మూడో_అంతస్తు

నేను రెండో వైపు నుంచి మాట్లాడతాను. మా పాత ఫ్లాట్‌లో బడ్జెట్ 4కే ఉండేది. ఇల్లు మారాక మినీ ఎల్‌ఈడీ కొన్నాం, మీ రెండో టీవీ ధరకు కాస్త అటూఇటూ. తేడా తెలుస్తుందండీ, దాచిపెట్టేదేమీ లేదు. కాకపోతే తేడా తెలిసేది కొన్ని చోట్లే.

రాత్రి లైట్లు ఆర్పి సినిమా చూస్తే మొదట కనిపించేది నలుపు. పాత టీవీలో చీకటి సీను వస్తే స్క్రీన్ అంతా బూడిద రంగులో వెలిసినట్టు ఉండేది. ఇందులో నలుపు నలుపుగా ఉంటుంది. అలాగని అంతా అద్భుతం కాదు, నల్లటి తెర మీద తెల్ల సబ్‌టైటిల్ పడితే దాని చుట్టూ పల్చటి వెలుగు కమ్ముతుంది. అది లోకల్ డిమ్మింగ్ ఉన్న టీవీల లక్షణం. విడివిడిగా మసకబారే వెలుగు గదులు, అంటే జోన్లు, తక్కువుంటే ఇంకా ఎక్కువ.

పగలు బాల్కనీ తలుపు తీసి ఉన్నా బొమ్మ కనిపిస్తుంది. మీ పడమటి కిటికీ సంగతి చదివితే ఇదే గుర్తొచ్చింది. ఇక ఖర్చు ఒక్క టీవీతో ఆగదని కూడా చెప్పాలి. నెట్‌ఫ్లిక్స్‌లో 4కే రావాలంటే నెలకు 649 ప్లాన్ ఉండాలి. 499 ప్లాన్ ఫుల్ హెచ్‌డీ దగ్గర ఆగిపోతుంది. టీవీ కొన్న వారానికి మా ఆవిడ ఈ సంగతి కనిపెట్టింది.

అయినా నన్నడిగితే, సినిమాల పిచ్చి ఉన్న ఇంటికి 58 వేలది. మీ ఇంట్లో ఆ పిచ్చి ఉన్నట్టు లేదు.

ఏలూరు_టీవీ_రిపేరు

అమ్మా, నేను టీవీలు బాగుచేసేవాణ్ణి. పిక్చర్ ట్యూబు రోజుల నుంచి ఇదే పని. అమ్మేవాళ్లు ముందు నుంచి చూపిస్తారు, మేం వెనక మూత తీసి చూస్తాం. అందుకని వెనక నుంచి చెప్తాను.

ఆ 26 వేలలో ఎక్కువ భాగం దేనికి పోతుందంటే బ్యాక్‌లైటుకి, అంటే తెర వెనక వెలిగే లైట్లకి. తక్కువ ధర 55లో మూత, ప్యానెల్ (బొమ్మ కనిపించే తెర) విప్పితే అల్యూమినియం పట్టీల మీద కాసిని ఎల్‌ఈడీలు, ఒక్కో దాని మీద ప్లాస్టిక్ లెన్సు. అన్నీ కలిసి వెలుగుతాయి, కలిసి ఆరతాయి. సీను చీకటిగా ఉన్నా వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది, అందుకే నలుపు బూడిదవుతుంది. ఖరీదైన దాంట్లో ఎల్‌ఈడీలు ఎక్కువ, వాటిని గదులుగా విడగొట్టి విడివిడిగా తగ్గించే సర్క్యూట్ ఉంటుంది. లోకల్ డిమ్మింగ్ అంటే అంతే. రెండో ఖర్చు బొమ్మను సవరించే చిప్పు. మూడోది ప్యానెల్ వేగం. మిగతా పేర్లన్నీ అట్ట మీద రాయడానికి.

వెలుగు సంగతి. దాన్ని నిట్స్‌లో కొలుస్తారు, తక్కువ ధర టీవీలు సాధారణంగా 250, 300 నిట్స్ దగ్గర ఉంటాయి. మీరు చెప్పే ధరలో లోకల్ డిమ్మింగ్ ఉన్నవి 500 పైన ఇస్తాయి, మినీ ఎల్‌ఈడీలు ఇంకా ఎక్కువ. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువ చూపించే బొమ్మ) స్టిక్కర్ రెండింటి మీదా ఉంటుంది. 300 నిట్స్ టీవీ మీద ఆ స్టిక్కర్‌కు అర్థం, హెచ్‌డీఆర్ సిగ్నల్ వస్తే తీసుకుంటాను అని. ఆ వెలుగు చూపిస్తానని కాదు.

మరి మీకు పడమటెండ ఉంది కదా, 58 వేలదే కొనమంటానా? ఆగండి. సోఫా వెనక కిటికీ అంటే అది నేరుగా స్క్రీన్‌లో ప్రతిబింబం పడే చోటు. అంత ఎండకు 500 నిట్స్ కూడా ఓడిపోతుంది. తెరలో కిటికీ కనిపిస్తూనే ఉంటుంది. రెండు మూడు వేలు పెట్టి మందపాటి కర్టెన్ కుట్టించండి. మీ కిటికీకి కర్టెన్ చేసే మేలు ఏ టీవీ చెయ్యదు. వేసవిలో ఫ్యాను గాలి కూడా చల్లబడుతుంది.

ఇప్పుడు అసలు విషయం, మీ అత్తగారి దివాన్ కాట్. మీరు రాసిన వివరాల్లో టీవీని నిర్ణయించేది అదే. ప్యానెల్స్‌లో ప్రధానంగా రెండు రకాలు, వీఏ, ఐపీఎస్. వీఏలో నలుపు బాగుంటుంది, ఎదురుగా కూర్చుంటే బొమ్మ నిండుగా ఉంటుంది. పక్కకు జరిగితే మనిషి మొహం పాలిపోతుంది, రంగు వెలుస్తుంది. ఐపీఎస్‌లో నలుపు అంత బాగోదు, కానీ పక్క నుంచి చూసినా రంగు నిలబడుతుంది. లోకల్ డిమ్మింగ్ పెట్టే టీవీల్లో ఎక్కువ శాతం వీఏ వేస్తారు. అంటే రోజంతా టీవీ చూసే మనిషికి, 58 వేలది 32 వేల దానికన్నా అన్యాయంగా కనిపించొచ్చు. కనిపించొచ్చు అంటున్నాను, ఎందుకంటే తక్కువ ధర మోడళ్లలో కూడా రెండు రకాలూ వస్తాయి, అది ఏ రకమో అట్ట మీద రాయరు. షాపులో పక్కకు వెళ్లి నిలబడి చూడటం ఒక్కటే మార్గం.

పాత బాక్సు సంగతి ఇంకోటి. ఎస్‌డీ చానల్ బొమ్మలో చుక్కలు 720 బై 576, అంటే నాలుగు లక్షల చిల్లర. 4కే తెరలో చుక్కలు 83 లక్షలు. ఒక గరిటె పిండిచ్చి ఇరవై అట్లు పొయ్యమన్నట్టు ఉంటుంది టీవీ పరిస్థితి. 32 అంగుళాల్లో ఆ పల్చదనం తెలియలేదు, 55లో తెలుస్తుంది. కొత్త టీవీ పెట్టిన మర్నాడే "పాతదాంట్లోనే బాగుంది, ఇదేంటి అలికినట్టుంది" అని ఫోన్లు చేసేవాళ్లు నాకు చాలామంది. టీవీ ఏది కొన్నా ముందు హెచ్‌డీ బాక్సుకు మారండి. ఖరీదైన చిప్పు ఎస్‌డీ బొమ్మను కొంచెం శుభ్రం చేస్తుంది, లేని వివరాన్ని తేలేదు.

ఇంకా ఒక లెక్క. 10 అడుగుల దూరం నుంచి 55 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా మామూలు కంటికి అందదు. మీ సోఫా అక్కడే ఉంది. కాబట్టి 4కే గురించి టెన్షన్ వద్దు, రెండూ 4కేనే.

రిపేరు మాట. ప్యానెల్ పోతే ఏ టీవీ అయినా దాదాపు కొత్త టీవీ ఖర్చే. బాల్ తగిలో, తుడుస్తుంటే నొక్కుకుపోయో పగిలితే వారంటీ రాదు, అది గుర్తుపెట్టుకోండి. పట్టీలు పోతే మార్చొచ్చు. తక్కువ ధర టీవీల్లో పవర్ సప్లై, మెయిన్ బోర్డు ఒకే ప్లేటు మీద వస్తున్నాయి, ఒక మూల కాలితే మొత్తం మార్చాల్సి వస్తోంది. అందుకని 32 వేలది కొంటే మీ ఊళ్లో ఆ కంపెనీ సర్వీసు మనిషి ఉన్నాడా, లేక రాజమండ్రి నుంచో విశాఖ నుంచో రావాలా కనుక్కోండి. సేల్స్ కుర్రాణ్ణి అడగొద్దు. కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పి అడగండి.

షాపుకు మళ్లీ వెళ్తే ఇలా చెయ్యండి. షోరూమ్ టీవీలన్నీ స్టోర్ మోడ్‌లో, వెలుగు పూర్తిగా పెంచి ఉంటాయి. స్టాండర్డ్ మోడ్‌కు మార్చమనండి. చిలకలు ఆపించి, యూట్యూబ్‌లో మీ అత్తగారి సీరియల్ ఏదైనా పెట్టించి, క్వాలిటీ 480కి తగ్గించమనండి. ఎదురుగా చూశాక, మీ దివాన్ ఎంత పక్కకు ఉంటుందో అంత పక్కకు వెళ్లి చూడండి. మొహాల రంగు చూడండి చాలు.

మియాపూర్_మూడో_అంతస్తు

పక్క నుంచి చూస్తే పాలిపోతుందన్న మాట నిజం. మేమిద్దరం ఎదురుగానే కూర్చుంటాం కాబట్టి నాకు తట్టలేదు. ఇప్పుడే డైనింగ్ టేబుల్ దగ్గరికి వెళ్లి చూసి వచ్చాను.

పాలకొల్లు_ప్లేయర్

మేడమ్, మీ అబ్బాయి తరఫున వకాల్తా. పీఎస్ 5కు 4కేలో సెకనుకు 120 ఫ్రేములు (బొమ్మలు) రావాలంటే 120 హెర్ట్జ్ ప్యానెల్, హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు ఉండాలి. 32 వేల దాంట్లో అవి ఉండవు. అక్కడి వరకు వాడికి నష్టమే.

కానీ ఎక్కువ గేములు 60 ఫ్రేముల్లోనే ఆడతాం, కొన్నయితే 30లో. డాల్బీ విజన్ గురించి వాడు ఏమైనా చెప్తే నమ్మొద్దు, పీఎస్ 5 ఇచ్చేది హెచ్‌డీఆర్10 మాత్రమే. గేమ్ మోడ్ ఉందో లేదో చూడండి. అది ఆన్ చేస్తే బటన్ నొక్కడానికీ బొమ్మ కదలడానికీ మధ్య ఆలస్యం తగ్గుతుంది. ఇప్పుడు తక్కువ ధర టీవీల్లోనూ ఇస్తున్నారు. ఇంటర్ చదివేవాడికి 60 హెర్ట్జ్ చాలు అని నేనంటే వాడు నన్ను తిడతాడు. అయినా అంటున్నాను.

కాకినాడ_కాజా

అందరికీ థాంక్సండీ. ముఖ్యంగా మెకానిక్ గారికి. మీరు చెప్పినట్టే మళ్లీ వెళ్లాం, ఈసారి అత్తగారిని కూడా తీసుకెళ్లాం. ఆవిడకు కుర్చీ వేయించి పక్కగా కూర్చోబెట్టాను. సేల్స్ కుర్రాడు మొహం చిట్లించాడుగానీ సీరియల్ పెట్టాడు.

స్టాండర్డ్ మోడ్‌కు మార్చగానే రెండింటి మధ్య ఉన్న ఆర్భాటం సగానికి దిగింది. ఎదురుగా చూస్తే 58 వేలదే బాగుంది. చీర అంచుల్లో జరీ, జుట్టు నలుపు, అన్నీ. పక్కకు వచ్చేసరికి మాత్రం దాంట్లో కోడలి పాత్ర జ్వరమొచ్చిన మనిషిలా తెల్లబోయింది. 32 వేల దాంట్లో మొహం రంగు అలాగే ఉంది. అత్తగారు రెండూ చూసి, చిన్నదాంట్లో బాగుంది అన్నారు. రెండూ ఒకే సైజు. ఆవిడ ఉద్దేశం ధర చిన్నది అని, చీటీ చూశారు.

మావారు ఊరుకోలేదు. దివాన్ కాట్‌ను కిటికీ పక్కకు జరిపితే సరిపోతుంది కదా అన్నారు. అత్తగారి దివాన్ జరపడం ఎంత పనో ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి తెలియదంటే నేను నమ్మను. ఫ్యాను గాలి, గోడ గూట్లో మందుల డబ్బా, వీధి గుమ్మం కనిపించడం, అన్నీ కుదిరిన చోటు అది.

క్రికెట్ సంగతి ఆయన పట్టుబట్టి అడిగించారు. పాత మ్యాచ్ ఒకటి యూట్యూబ్‌లో పెట్టించి చూశాం. బంతి బౌండరీకి వెళ్తుంటే కెమెరా దాని వెంట తిరిగినప్పుడు 32 వేల దాంట్లో గడ్డి అలుక్కుపోయినట్టుంది, రెండో దాంట్లో శుభ్రంగా ఉంది. ఆ తేడా నాకూ తెలిసింది. దీనికి మందేమైనా ఉందా మెకానిక్ గారూ? సర్వీసు గురించి టోల్‌ఫ్రీకి చేశాను, కాకినాడలోనే సర్వీసు సెంటర్ ఉందన్నారు. బిల్లు మీద మొత్తం టీవీకి ఏడాది, ప్యానెల్‌కు మరో ఏడాది వారంటీ రాసిస్తామన్నారు.

ఏలూరు_టీవీ_రిపేరు

సర్వీసు ఉంది అన్నారంటే సగం దిగులు తీరింది. వారంటీలో ప్యానెల్ అనే మాట బిల్లు మీద విడిగా రాయించుకోండి, నోటితో చెప్పింది లెక్కలోకి రాదు.

క్రికెట్‌కు పూర్తి మందు లేదమ్మా. మన చానళ్లు సెకనుకు 50 బొమ్మల చొప్పున పంపుతాయి. వేగమున్న ప్యానెల్ మధ్యలో కొత్త ఫ్రేములు పుట్టించి కదలికను నున్నగా చేస్తుంది. 60 హెర్ట్జ్ ప్యానెల్‌కు ఆ చోటు లేదు. ఆ ధరలో ఎంఈఎంసీ (కదలికను నున్నగా చేసే ఏర్పాటు) అని రాసినా పెద్దగా ఆశపడొద్దు. ఇంట్లో హెచ్‌డీ చానల్లో మ్యాచ్ చూస్తే మాత్రం షాపులో మీరు చూసిన అలుకు కొంత తగ్గొచ్చు, ఎందుకంటే అందులో కొంత యూట్యూబ్ కుదింపు వల్ల వచ్చి ఉండొచ్చు. మిగతాది మీవారు భరించాలి. ఆయన మ్యాచ్ ఎన్ని గంటలు చూస్తారు, అత్తగారు సీరియల్ ఎన్ని గంటలు చూస్తారు, మీరే లెక్క వేసుకోండి. బ్యాంకులో పని చేసేవారికి నేను చెప్పాలా.

మధ్యస్థంగా ఇంకో దారి ఉంది, 40 నుంచి 45 వేలలో పెద్ద కంపెనీల ప్రాథమిక మోడళ్లు. సామ్‌సంగ్, ఎల్‌జీ లాంటివి. వాటిలో సర్వీసు నెట్‌వర్క్, రిమోట్, సాఫ్ట్‌వేర్ బాగుంటాయి. లోపల బ్యాక్‌లైట్ మాత్రం ఈ 32 వేల దానికన్నా గొప్పగా ఉంటుందని అనుకోవద్దు, చాలా వాటిలో డిమ్మింగ్ ఉండదు, 60 హెర్ట్జే. సర్వీసు లేని ఊరైతే అవే కొనమనేవాణ్ణి. మీ ఊళ్లో ఉంది కాబట్టి ఆ పదివేలు పేరుకు ఇవ్వక్కర్లేదు.

ఆ డబ్బుకు సౌండ్‌బార్ తీసుకోండి. 24 వాట్లు, 40 వాట్లు అని ఏది రాసినా, పల్చటి టీవీలో స్పీకర్లు కిందకో వెనక్కో చూస్తుంటాయి. మాట గోడకు కొట్టుకుని వస్తుంది. చెవి తగ్గిన పెద్దవాళ్లు సౌండు పెంచడానికి అదీ ఒక కారణం. చప్పుడు చాలక మాత్రమే కాదు, మాట విడిగా తెలియక కూడా. బార్‌లో మాటను పైకి తెచ్చే మోడ్ ఉంటుంది, డైలాగ్ అనో వాయిస్ అనో రాస్తారు. ఏడెనిమిది వేలలో దొరుకుతుంది. టీవీ మీద ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని బార్‌కు పంపే దారి) అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐలో గుచ్చితే ఒక్క రిమోట్‌తో పనవుతుంది.

సిద్దిపేట_సిన్నోడు

నేను మొదటి రోజే చెప్పిన 32 వేలది అని. కారణాలు మాత్రం మెకానిక్ సారువి బాగున్నయి.

ఓఎల్‌ఈడీ గురించి ఎవరూ చెప్పలే. ఆఫర్ల ధర దిగితే తీసుకోవచ్చునా?

ఏలూరు_టీవీ_రిపేరు

తమ్ముడూ, ఓఎల్‌ఈడీలో వెనక లైటు ఉండదు, ఏ చుక్కకా చుక్కే వెలుగుతుంది. పక్క నుంచి చూసినా బొమ్మ చెడదు, నలుపుకు తిరుగులేదు. ధర సంగతి అటుంచితే, ఈ ఇంటికి నేను వద్దంటాను. మన వార్తా చానళ్లు చూశావు కదా, కింద రెండు స్క్రోలింగులు, మూల లోగో, పక్కన ఇంకో పట్టీ, రోజంతా అక్కడే. ఓఎల్‌ఈడీలో కదలని గుర్తు ఏళ్ల తరబడి ఒకేచోట వెలిగితే ఆ ముద్ర తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది. సినిమాలు చూసే ఇంటికి పర్వాలేదు. పన్నెండు గంటలు ఒకే చానల్ నడిచే ఇంటికి కాదు.

కాకినాడ_కాజా

తీసుకున్నాం. 32 వేలదే. బేరమాడితే 30,500కు ఇచ్చారు, గోడ స్టాండు ఉచితం. 7,500లో సౌండ్‌బార్. కేబుల్ అతను హెచ్‌డీ బాక్సు మార్చాడు. కర్టెన్ టైలరు దగ్గరుంది. మావారు రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు రాత్రి మ్యాచ్ రాగానే మామూలు మనిషయ్యారు. అబ్బాయికి మాత్రం అసంతృప్తి ఉంది. నీ సంపాదనతో నీ గదిలో 144 పెట్టుకో అన్నాను.

అన్నిటికన్నా పెద్ద మార్పు సౌండుది. వాల్యూమ్ 40 నుంచి 18కి దిగింది. మీరు ఊరికి వెళ్లారా అని ఎదురింటి వాళ్లు మమ్మల్నే అడిగారు.

ఒకటే అనుమానం. ఇన్‌స్టాల్ చేసిన అబ్బాయి వివిడ్ మోడ్‌లో పెట్టి వెళ్లాడు. రాత్రిపూట కళ్లు లాగుతున్నాయి. ఏం మార్చాలి?

ఏలూరు_టీవీ_రిపేరు

పిక్చర్ మోడ్ స్టాండర్డ్‌కు గానీ సినిమాకు గానీ మార్చండి. మొదట కాస్త పసుపుగా అనిపిస్తుంది, రెండు మూడు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. బ్యాక్‌లైట్ అనే అంకె 100లో ఉంటుంది, పగలు 70, రాత్రి 50 చాలు. బ్రైట్‌నెస్ అని ఉన్నదాన్ని ముట్టుకోవద్దు, అది వేరు. బ్యాక్‌లైట్ తగ్గిస్తే కళ్లకు మంచిది, లోపలి పట్టీలకు ఇంకా మంచిది. వేడికే అవి ముందు పోయేది.

గోడకు పెట్టారు కదా, వెనక రెండు మూడు అంగుళాలు గాలి ఆడేలా ఉందో లేదో చూడండి. ఎకో సెన్సార్ అని ఉంటే ఆపేయండి, సీరియల్ మధ్యలో బొమ్మ దానంతటదే చీకటవుతుంది, అత్తగారు టీవీ పాడైందంటారు. స్టెబిలైజర్ సాధారణంగా అవసరం లేదు, ఇప్పటి టీవీల్లో చాలావి 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకుంటాయి. స్పైక్ గార్డ్ మంచిది పెట్టండి. ఉరుములు మొదలవకముందే తీసేయాలి, ప్లగ్ ఒక్కటి పీకితే సరిపోదు. కేబుల్ బాక్సు నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ, నెట్ రౌటర్ నుంచి లాన్ వైరు ఉంటే అదీ తీసేయండి. వానాకాలంలో నా దగ్గరకొచ్చే బోర్డుల్లో చాలా వాటికి దెబ్బ తగిలేది ఆ వైర్ల దారిలోనే.